హైదరాబాద్ ఎండలో వైన్ ద్రాక్ష: మొక్క ఎంపిక నుంచి కోత దాకా

"చేవెళ్ల దగ్గర ఎకరంన్నర ఉంది, వైన్ ద్రాక్ష పెడితే వస్తుందా?" ఊరి పేరు మారుతుంటుంది, ప్రశ్న మాత్రం అదే. శామీర్‌పేట, కీసర, మొయినాబాద్, శంకర్‌పల్లి నుంచి ఇదే అడుగుతున్నారు. వస్తుంది. నగరం చుట్టూ ఒకప్పుడు ద్రాక్ష పందిళ్లు ఎన్ని ఉండేవో పెద్దవాళ్లను అడగండి. వాటిని తీసేసింది ఎండ కాదు, ప్లాట్లు.

అయితే తినే ద్రాక్ష లెక్క వేరు, వైన్ ద్రాక్ష లెక్క వేరు. మన దగ్గర తీపి గురించి బెంగ అక్కర్లేదు, ఫిబ్రవరి ఎండకు అదే వస్తుంది. నిలవనిది పులుపు. రాత్రుళ్లు కూడా వేడెక్కాయంటే కాయలోని మాలిక్ ఆమ్లం తరిగిపోతుంది, పీహెచ్ (పులుపు తగ్గేకొద్దీ పెరిగే అంకె) ఎక్కుతుంది, వైన్ చప్పగా ఉండి తొందరగా చెడిపోతుంది. కింద చెప్పిన ప్రతి పనీ ఇందుకోసమే: మార్చి ముదరకముందే, పులుపు మిగిలి ఉండగానే పండు దింపుకోవాలి.

ముందుగా చేతిలో ఉండాల్సినవి

- నీళ్లు నిలవని నేల, వేసవిలోనూ పోసే బోరు, డ్రిప్పు
- మట్టి, నీటి పరీక్ష రిపోర్టులు
- తీగలు మోసే వై ఆకారపు ఇనుప స్తంభాలు, జీఐ వైరు
- మంచి కత్తిరింపు కత్తెర, అంటుకట్టే కత్తి, స్ప్రేయరు
- చేతి రిఫ్రాక్టోమీటరు (రసంలో తీపి కొలిచేది), పీహెచ్ మీటరు. ఈ రెండూ లేకుండా వైన్ ద్రాక్ష పెట్టకండి
- పక్షుల వల, షేడ్ నెట్, పది పదిహేను కిలోలు పట్టే ప్లాస్టిక్ క్రేట్లు
- పండు ఎవరికి ఇస్తారో, ఎక్కడ పులియబెడతారో ముందే తేల్చుకున్న మాట

చివరిది కాస్త వివరంగా చెప్పాలి. ద్రాక్ష పండించడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. దాన్ని వైన్ చేసి అమ్మాలంటే మాత్రం ఎక్సైజ్ శాఖ అనుమతి తప్పనిసరి. తోట కాపుకొచ్చాక చూసుకుందాంలే అనుకోకండి, మొక్క పెట్టకముందే ఆఫీసుకు వెళ్లి అడగండి. అనుమతి కుదరకపోతే రసానికి పనికొచ్చే రకం వేసుకోవచ్చు. దాని సంగతి రెండో పనిలో ఉంది.

1. నేలను, నీటిని చూడండి

మూడడుగుల గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. మర్నాటికి ఇంకిపోతే సరే. రెండో రోజుకీ మడుగులా ఉంటే అక్కడ ద్రాక్ష వద్దు, లేదా ఎత్తు బోదెలు వేసి కాలువ తీయాల్సిందే. ఎర్ర చెల్క, కింద మొరం ఉన్న భూమి వైన్ ద్రాక్షకు చాలా బాగుంటుంది. బలమైన నల్లరేగడిలో తీగ ఏపుగా పోతుంది, ఆకు ఎక్కువై పండు పలచనవుతుంది.

నీటి పరీక్ష మే నెలలో చేయించండి. వానాకాలంలో తీసిన శాంపిల్‌కు రిపోర్టు అందంగానే వస్తుంది, ఉప్పు బయటపడేది బోరు అడుగంటినప్పుడే. ఈసీ (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) ఒకటి లోపుంటే నిశ్చింత. రెండు దాటితే రకం కంటే ముందు వేరుమూలం (మన రకాన్ని అంటుకట్టే కింది మొక్క) గురించి ఆలోచించాలి.

2. రకం ఎంచుకోండి

అందరూ అడిగేది, అందరూ తొందరపడేది ఇక్కడే. మొదట మన అనాబ్-ఎ-షాహీ ముచ్చట తీర్చుకుందాం. హైదరాబాద్ పేరు మోసిన రకం, పొడుగాటి కాయ, తింటే హాయి. కానీ చక్కెర పదహారు బ్రిక్స్ (రసంలో తీపి శాతం) దగ్గరే ఆగిపోతుంది, వాసనా తక్కువ. దాంతో వైన్ చేస్తే పలచని నీళ్లలా ఉంటుంది. అభిమానం కొద్దీ ఇంటి ముందు ఒక తీగ పెంచుకోండి, తోట మాత్రం వేయకండి.

నర్సరీల్లో సులువుగా దొరికేవి షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్, షిరాజ్, కాబెర్నే సావిన్యాన్. నాసిక్ వైపు ఇవే ఎక్కువ. మొదటిసారి వేసేవాళ్లకు తెల్లదానిలో సావిన్యాన్ బ్లాంక్, ఎర్రదానిలో షిరాజ్ చెబుతాను. షెనిన్ బ్లాంక్ పులుపు బాగానే నిలుపుకుంటుంది గానీ గుత్తి గట్టిగా కిక్కిరిసి ఉంటుంది. కోతకు ముందు ఒక్క అకాల వర్షం పడితే లోపలి కాయ పగిలి గుత్తంతా కుళ్లుతుంది. జిన్‌ఫాండెల్‌కూ అదే జబ్బు, పైగా ఒకే గుత్తిలో పచ్చికాయ, ఎండుకాయ కలిసి ఉంటాయి.

నలుగురూ వేసేది వద్దు, మనదంటూ ఒకటి ఉండాలి అనుకునేవాళ్లు ముందు మన దేశంలో పుట్టిన రకాల వైపు చూడండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క సోమ మన అనాబ్-ఎ-షాహీకి బిడ్డే. క్వీన్ ఆఫ్ వైన్‌యార్డ్స్‌తో సంకరం చేసి తీశారు, తెల్ల వైన్‌కు పనికొస్తుంది, మస్కట్ వాసన ఉంటుంది. హైదరాబాద్ తోటకు ఇంతకంటే చెప్పుకోదగ్గ వంశం ఏముంటుంది! అర్క శ్యామ్, అర్క తృష్ణ బెంగళూరు బ్లూ సంతతి. పూసా నవరంగ్‌లో తొక్కే కాదు, గుజ్జు కూడా ఎర్రగా ఉంటుంది. దాన్ని ఫ్లేమ్ సీడ్‌లెస్‌తో కలిపి పుణె దగ్గరి జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం తీసిన మంజరి మెడికా రసానికి మేలైనది. లైసెన్సు కుదరనివాళ్లకు నేను చెప్పేది ఇదే.

విదేశీ రకాల్లో వేడికి ఓర్చుకునేవి గ్రనాష్, టెంప్రానియో. వేడిలోనూ పులుపు వదలనివి బార్బెరా, వెర్మెంటీనో, గ్రీసులోని సాంటోరినీ దీవి రకం అసిర్టికో. ఇవన్నీ ఇక్కడ దొరకకపోవచ్చు. దొరకనిదాన్ని ప్రయాణం నుంచి వస్తూ సూట్‌కేసులో కొమ్మలు చుట్టి తెచ్చుకోవడం మాత్రం వద్దు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్ ఉండాలి. చట్టం సంగతి అటుంచినా, ఆ కొమ్మతో వచ్చే వైరస్ మీ తోటతో ఆగదు.

ఎకరంలో రెండు రకాలకు మించి వేయకండి. కొత్తది ఏదైనా ఒక్క వరసలో పెట్టి మూడు కాపులు చూశాకే పెంచండి.

3. వేరుమూలం, నాటడం, అంటు

సొంత వేర్ల మీద వైన్ రకం నాటకండి. మన దగ్గర ఎక్కువమంది వాడేది డాగ్‌రిడ్జ్. ఉప్పుకు తట్టుకుంటుంది, బలంగా పెరుగుతుంది. తినే ద్రాక్షకు ఆ బలం వరమే. వైన్‌కు వచ్చేసరికి అది పొటాష్‌ను ఎక్కువగా లాగి పండు పీహెచ్ పెంచుతుంది, ఆకునూ పెంచుతుంది. నీళ్లు బాగుంటే 110 ఆర్, ఉప్పు కొంచెం ఉంటే 1103 పాల్సన్ అడిగి తెప్పించుకోండి. నీళ్లు మరీ ఉప్పగా ఉంటే డాగ్‌రిడ్జ్ తప్పదు, అప్పుడు ఎరువులో పొటాష్ తగ్గించుకోవాలి.

వరసల మధ్య తొమ్మిది అడుగులు, మొక్కకీ మొక్కకీ ఐదడుగులు. ఎకరానికి దాదాపు 960 మొక్కలు పడతాయి. రెండున్నర అడుగుల లోతు, అంతే వెడల్పు కందకం తీసి, పైమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపి, ఒక తడి ఇచ్చి కుంగనివ్వండి. వేరుమూలం మొక్కను ఫిబ్రవరిలో నాటితే ఆగస్టు, సెప్టెంబరుకల్లా పెన్సిల్ లావు కాండం వస్తుంది. అప్పుడు నేలకు అడుగు ఎత్తున కోసి, చీల్చి, రెండు కళ్లు (చిగురు మొలిచే మొగ్గలు) ఉన్న కొమ్మను మేకులా చెక్కి దింపి, ప్లాస్టిక్ పట్టీతో గాలి దూరకుండా చుట్టాలి. రెండింటి బెరడు కనీసం ఒక పక్కనైనా ఒకదానికొకటి ఆనాలి. అంటు కట్టే మనిషి దొరక్కపోతే కట్టిన మొక్కలే కొనండి, ఏ వేరుమూలమో బిల్లు మీద రాయించుకోండి.

జాగ్రత్త: అంటు మీదికి ఎప్పుడూ మట్టి ఎగదోయకండి. పై కొమ్మ సొంత వేర్లు వేసుకుందంటే వేరుమూలానికి పెట్టిన డబ్బు మట్టిపాలే. కింద నుంచి వచ్చే వేరుమూలం పిలకలను వారానికోసారి గిల్లండి. ఆకు తేడాగా కనిపిస్తే అది మీ షిరాజ్ కాదు.

4. పందిరా, వై స్తంభాలా?

పందిరి మనకు అలవాటైనది, ఎండను ఆపుతుంది. కానీ కింద తేమ నిలుస్తుంది, తెగులు పెరుగుతుంది, మెడ ఎత్తి పని చేయలేక కైకిలివాళ్లు విసుక్కుంటారు. వై స్తంభాలే నయం. వరసలు ఉత్తర దక్షిణాలుగా వేయండి, గుత్తులు ఛాతీ ఎత్తులో ఉండాలి.

గుత్తి దగ్గర ఆకులు తీసేయమని చల్లని దేశాల పుస్తకాలు చెబుతాయి. మన దగ్గర తూర్పు వైపు మాత్రమే, అదీ కొద్దిగా తీయండి. పడమటి ఆకు ఒక్కటి కూడా ముట్టుకోకండి. మధ్యాహ్నం మూడింటి ఎండ నేరుగా తగిలిన కాయ గోధుమరంగు తిరిగి, పగిలి, ఎండిపోతుంది. ఆకు పలచగా ఉంటే ఫిబ్రవరిలో పడమటి వైపు షేడ్ నెట్ కట్టండి.

5. ఏప్రిల్ కత్తిరింపు

కోత అయ్యాక రెండు మూడు వారాలు తీగకు విశ్రాంతి. తర్వాత, ఏప్రిల్ మధ్యలోపు, ప్రతి కొమ్మనూ ఒక్క కన్ను మిగిలేలా వెనక్కి కత్తిరించండి. దీనివల్ల పండు రాదు, పండునిచ్చే కొమ్మ వస్తుంది. అందుకే చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, అక్టోబరులో గుత్తులు లేవని తల పట్టుకుంటారు.

కత్తిరించిన 40 నుంచి 60 రోజుల మధ్య కంటి లోపల గుత్తి తయారవుతుంది. ఆ సమయంలో కొమ్మకు ఎండ తగలాలి, నత్రజని ఆపాలి, నీళ్లు తగ్గించాలి. ఆలస్యం చేసి మేలో కత్తిరిస్తే ఆ రోజులు వాన మబ్బుల్లోకి జారిపోతాయి. కిక్కిరిసిన కొమ్మలను తీసేసి, జానెడుకు ఒకటి చొప్పున ఉంచండి.

6. అక్టోబరు కత్తిరింపు

ఏడాదిలో అన్నింటికంటే బరువైన నిర్ణయం ఈ తేదీదే. ముందుగా కత్తిరిస్తే లేత చిగురు వానలో చిక్కుతుంది. 2020 అక్టోబరు 13న హైదరాబాద్‌లో కురిసిన కుంభవృష్టి గుర్తుండే ఉంటుంది. అలాంటిది పూత మీద పడితే ఆ ఏడు పంట మర్చిపోవచ్చు. వాన పూర్తిగా తగ్గనీ అని నవంబరుకు వెళ్తే పండు ఏప్రిల్ ఎండలో మాగుతుంది, పులుపు పోతుంది.

నా లెక్క ఇది. ఆలస్యంగా మాగే కాబెర్నే లాంటివి కత్తిరింపు నుంచి దాదాపు ఐదు నెలలు తీసుకుంటాయి కాబట్టి వాటిని సెప్టెంబరు చివర్లో, తొందరగా మాగే సావిన్యాన్ బ్లాంక్ లాంటివి అక్టోబరు మధ్యలో. అంటే ఆలస్యపు రకానికే ముందు కత్తెర. అలా చేస్తే అన్నీ ఫిబ్రవరి, మార్చి మొదటివారం మధ్య చేతికొస్తాయి. ఒకే రకం ఉన్నవాళ్లు తోటను రెండు భాగాలు చేసి పది రోజుల తేడాతో కత్తిరించండి. వాన ఒకదాన్ని కొట్టినా ఇంకొకటి మిగులుతుంది.

కత్తిరించే ముందు కన్ను పరీక్ష తప్పదు. ఎన్ని కళ్లు ఉంచి కోయాలో తీగే చెబుతుంది. సెప్టెంబరు మొదట్లో తోటలో అక్కడక్కడ పది కొమ్మలు తెచ్చి, కన్నుకో ముక్క చొప్పున కోసి, ఏ ముక్క కింది నుంచి ఎన్నో కన్నో రాసి, ట్రేలో నీళ్లు పోసి నిలబెట్టండి. ఇంట్లో వెలుతురున్న చోట పెట్టి నీళ్లు మారుస్తూ ఉంటే రెండు మూడు వారాల్లో చిగురు విచ్చుకుంటుంది. చిగురు మధ్యలో ఆకుపచ్చ నలుసుల ముద్దలా పిందె గుత్తి కనిపిస్తే ఆ కన్ను పండేది. ఒట్టి నులితీగ వస్తే ఎండుకొమ్మతో సమానం. రెండో కన్ను నుంచే గుత్తులు ఉంటే పొట్టిగా, ఐదో కన్ను దగ్గర మొదలైతే పొడుగ్గా కోయాలి. సొంతంగా చేయలేకపోతే రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రంలో అడిగి చూడండి.

కళ్లన్నీ ఒకేసారి విచ్చుకోవడానికి హైడ్రోజన్ సైనమైడ్ మందును కత్తిరించిన రెండు రోజుల్లోపు కళ్లకు పూస్తారు. మోతాదు లేబుల్ మీద ఉన్నదే. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా సీసా మూత కూడా తీయకండి. ఇంకో మాట, ఇది వైన్ వాళ్లకు ప్రత్యేకంగా: ఈ మందు పూసేవాళ్లు ముందు రోజు నుంచి తర్వాత కొన్ని రోజుల వరకు మద్యం చుక్క కూడా ముట్టకూడదు. ఒంట్లో రెండూ కలిస్తే ముఖం ఎర్రబడి, గుండె దడ, ఊపిరాడకపోవడం దాకా వెళ్తుంది. కైకిలివాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి, ఎవరైనా తాగి వస్తే ఆ పనికి పెట్టకండి.

7. తెగుళ్లు

కత్తిరింపు తర్వాత మొదటి యాభై రోజులు బూజు తెగులుదే రాజ్యం. ఆకు పైన నూనె చుక్కలాంటి మచ్చ, కింద తెల్లటి బూజు. ఒక శాతం బోర్డో మిశ్రమం ఇంట్లోనే కలుపుకోవచ్చు: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. రెండూ విడివిడిగా ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కరిగించి, తుత్తం నీళ్లను సున్నం నీళ్లలోకి కలుపుతూ పోయండి. కలిసిందో లేదో చూడటానికి మెరిసే ఇనుప కత్తి ఒక నిమిషం ముంచండి. కత్తి మీద రాగి పూత ఎక్కితే సున్నం చాలలేదు, ఇంకాస్త కలపండి. ఆ పరీక్ష చేయకుండా కొడితే లేత ఆకు మాడిపోతుంది. కలిపిన రోజే వాడేయాలి.

చలి మొదలయ్యాక బూడిద తెగులు వస్తుంది. నీటిలో కరిగే గంధకం పనిచేస్తుంది. కానీ కోతకు నెలన్నర ముందే ఆపేయండి. పండు మీద మిగిలిన గంధకం పులిసేటప్పుడు కుళ్లిన గుడ్డు వాసన తెస్తుంది. వైన్ కంపు కొడుతోందని ఈస్ట్‌ను తిట్టేవాళ్లు చాలామంది, తోట స్ప్రే పుస్తకం తెరిచి చూసేవాళ్లు తక్కువ.

పిండినల్లి వచ్చిందంటే ముందు చీమల దారి ఆపండి, ఆ పురుగును కాపాడేవి అవే.

8. కాపు తగ్గించండి

థామ్సన్ (గింజలేని తినే ద్రాక్ష) తోటల్లో పనిచేసిన మేస్త్రీ వస్తే మొదట అడిగేది కాయ ఉబ్బించే మందు గురించే: "జీఏ ఎప్పుడు ముంచాలి సార్?" అని. ముంచొద్దు. కాయ ఉబ్బితే తొక్క తగ్గి రసం పెరుగుతుంది, రంగూ రుచీ తొక్కలోనే ఉంటాయి. వైన్ ద్రాక్ష చిన్నగానే ఉండాలి.

కాయ రంగు తిరగకముందే కొమ్మకు ఒక గుత్తి చొప్పున ఉంచి మిగతావి కోసేయండి. మొక్కకు నాలుగు కిలోలు చాలు, ఎకరానికి నాలుగు టన్నులకు కాస్త తక్కువ వస్తుంది. పక్క చేనులో తినే ద్రాక్ష పది టన్నులు దిగుతుంటే చూస్తూ ఊరుకోవడం కష్టమే. రంగు తిరిగాక నీళ్లు తగ్గించండి, పూర్తిగా కట్టేయకండి. నులితీగల కొనలు వాడిపోతున్నాయంటే తడి ఇవ్వాల్సిందే. కాయ ముడతలు పడ్డాక ఇచ్చే నీళ్లతో లాభం లేదు.

చక్కెర ఎక్కడం మొదలవగానే రామచిలుకలు, గోరింకలు దిగుతాయి, రాత్రిపూట గబ్బిలాలు. రంగు తిరిగే రోజే వల కట్టాలి. మార్చిలో రాళ్లవాన పడే ఊరైతే ఆ వలే కొంత కాపు కాస్తుంది.

9. పండు పరీక్ష, కోత

కోతకు మూడు వారాల ముందు నుంచి వారానికి రెండుసార్లు, ఉదయం ఒకే వేళకు శాంపిల్ తీయండి. తీపి కాయల వైపే చెయ్యి పోతుంది, అదే పెద్ద పొరపాటు. వరస మార్చి వరస, తూర్పు సగం పడమర సగం, గుత్తి పైనా మధ్యా కిందా, మొత్తం వంద కాయలు. అంచు మొక్కలు లెక్కలోకి రావు. కవర్లో వేసి నలిపి, గుడ్డలో వడకట్టండి. రిఫ్రాక్టోమీటరును ముందు డిస్టిల్డ్ నీటితో సున్నాకు, పీహెచ్ మీటరును 4, 7 ద్రావణాలతో సరిచూసుకోండి.

తెల్ల రకాలు: 20 నుంచి 22 బ్రిక్స్, పీహెచ్ 3.2 నుంచి 3.4.
ఎర్ర రకాలు: 23 నుంచి 24 బ్రిక్స్, పీహెచ్ 3.5 నుంచి 3.7.

రెండూ ఒకేసారి కుదరడం మన దగ్గర అదృష్టమే. కుదరనప్పుడు పీహెచ్ మాటే వినండి. ఎర్రది 3.7 దాటబోతుంటే చక్కెర 22 దగ్గర ఉన్నా కోసేయండి. పులుపు కొంచెం తక్కువపడితే పులియబెట్టే ముందు టార్టారిక్ ఆమ్లం కలపొచ్చు, లీటరుకు ఒక గ్రాము వేస్తే పీహెచ్ దాదాపు 0.1 దిగుతుంది. మరీ ఎక్కితే దిద్దడం కష్టం.

మీటరుతో పాటు నోటినీ నమ్మండి. కాయ నమిలి గింజ ఉమ్మి చూడండి: పచ్చగా, పంటికి అంటుకునేలా ఉంటే ఆగాలి. గోధుమరంగులో ఉండి పేలాలా పటుక్కుమంటే సిద్ధం.

తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి ఎండెక్కకముందే ముగించండి. తలకు లైటు, కాళ్లకు బూట్లు ఉండాలి, డ్రిప్పు తడికి పాములు వస్తాయి. క్రేట్లు అంచుదాకా నింపకండి, గోనెసంచి అసలు వద్దు, అడుగు కాయ చితికి దారిలోనే పులుస్తుంది. నీడలో పెట్టి, వీలైతే రెండు గంటల్లోపు చల్లని గదికి చేర్చండి. వైనరీ దూరమైతే ముందు రోజే రీఫర్ (లోపల చల్లగా ఉంచే) బండి మాట్లాడుకోండి.

పండు దిగిపోయిందని బోరు ఆపేయకండి. అప్పటికి ఆకు ఇంకా పచ్చగానే ఉంటుంది, వచ్చే ఏడాదికి తిండి కూడబెట్టేది ఆ రోజుల్లోనే. పలచగా తడులిస్తూ, వరసకింత పశువుల ఎరువు వేసి, ఏప్రిల్ కత్తిరింపుకు కత్తెరలు పదును పెట్టించుకోండి.